శక్కర్ పోయింది, షుగర్ ఉన్నది

బోధన్ దిక్కు ఇప్పుడు ఎవరింటికి పోయినా చాయ్ పొయ్యి మీద పెట్టకముందే ఒక మాట అడుగుతారు: "శక్కర్ ఎయ్యాల్నా, ఒద్దా?" మొన్న నా పక్కన కూర్చున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఒద్దన్నాడు. "ఎప్పటి సంది కాకా?" అన్నాను. "ఫ్యాక్టరీ మూతవడ్డప్పటి సంది బిడ్డా. బయట శక్కర్ చేసుడు బందైంది, లోపట షురువైంది" అన్నాడు. అని, మాకంటే ముందు తనే నవ్వాడు. భుజాలు ఎగిరేటట్టు నవ్వాడు. చాయ్ తెస్తున్న కోడలు కప్పులు కింద పెట్టి మరీ నవ్వింది.

ఈ ప్రాంతం ఎరగని వాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాంసాగర్ కట్టారు. కాలువ నీళ్లు పారిన చోట చెరుకు లేచింది. చెరుకు లేచిన చోట, 1937లో, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ ఒక ఊరే పుట్టింది, శక్కర్ నగర్ అని. 2015 డిసెంబర్‌లో తాళం పడ్డది. అప్పటి నుంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుంది, ఉపన్యాసాల్లో. మైకు ఆపంగనే మూతపడుతుంది.

ఉపన్యాసం అంటే ఒక సంగతి యాదికొచ్చింది. చలి బాగా ఉన్నది, ఇట్లా నెగడు దగ్గరికి జరగండి, చెప్తాను.

జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయం వాళ్లు 19 మంది షుగర్ పేషెంట్లను పోగేసి ఒక తమాషా పరీక్ష పెట్టారు. ఒకరోజు అందరికీ 500 క్యాలరీల భోజనం పెట్టి, ఆ వెంటనే 40 నిమిషాలు చప్పటి ఉపన్యాసం వినిపించారు. ఒక్క నవ్వు మాట లేని ఉపన్యాసం. మర్నాడు అదే భోజనం పెట్టి, 40 నిమిషాలు మంజై చూపించారు. మంజై అంటే ఇద్దరు మనుషులు నిలబడి, ఒకడు తిక్క మాట అంటుంటే ఇంకొకడు వాణ్ని సరిదిద్దబోయి తనూ ఇరుక్కునే ఆట. తిన్న 2 గంటలకు రక్తం తీసి చూస్తే, ఉపన్యాసం విన్నరోజు షుగర్ సగటున 123 మిల్లీగ్రాములు పెరిగింది. నవ్విన రోజు 77 మాత్రమే. 2003లో డయాబెటిస్ కేర్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయింది.

19 మంది, రెండు రోజులు. అంతే. ఇది పట్టుకొని పొద్దటి గోలీ బంద్ పెడితే మీ డాక్టరు నవ్వడు, తిడతాడు. కానీ ఆ లెక్కలో నాకు నవ్వు కంటే ఉపన్యాసం మీదే మనసు పోయింది. మన దగ్గర భోజనాల తర్వాత ఎన్ని సభలు! శాలువాలు, పూలదండలు, "ఈ సందర్భంగా రెండు మాటలు" అంటూ గంటన్నర. మన నిజామాబాద్ జిల్లాలో షుగర్ ఎందుకు పెరుగుతున్నదో అంతు పట్టనివాళ్లు ఒకసారి అటు కూడా చూడాలె.

సరే, ఆ 19 మందీ ఒకేచోట కూర్చొని నవ్వారు కదా. నేను చెప్పదలచుకున్నది అక్కడున్నది. కాక చెప్పిన మాట అంత గొప్ప జోకేం కాదు. నేను దాన్ని ఇంటికొచ్చి ఒక్కణ్నే తలుచుకుంటే పెదవి కొసన కొంచెం కదిలింది, అంతే. అక్కడ నలుగురిలో మాత్రం కండ్లల్ల నీళ్లు వచ్చినయ్. నవ్వు మాటలో ఉండదు, మనుషుల నడుమ ఉంటుంది. మాట ఒట్టి అగ్గిపుల్ల.

ఇది నేను మొదట చూసింది చెరుకు బండ్ల లైన్లో.

ఫ్యాక్టరీ నడిచిన కాలంలో చలికాలమంటే క్రషింగు సీజన్. కటింగ్ ఆర్డర్ వచ్చిన రైతు గడలు కొట్టించి, బండి నింపి, ఎడ్లను తోలుకొని కాంటా దాకా రావాలె. కాంటా దగ్గర ముందొచ్చిన బండ్లు ఉంటాయి. వాటి ముందు ఇంకా ముందొచ్చినవి. గేటు దగ్గర మొదలైన లైను రోడ్డు దిగి ఎక్కడిదాకో పోయేది. రాత్రంతా అక్కడే. ఎడ్లను విప్పి బండికి కట్టేసేవాళ్లు, చెరుకాకు పోగేసి మంట పెట్టేవాళ్లు. మొలాసిస్ వాసన గాలి నిండా. కొత్తవాళ్లకు వాంతి వచ్చేంత వాసన, మాకు మాత్రం అది లేకుంటే ఊరు చేరినట్టు ఉండేది కాదు. పిల్లలం మేము, చలికి మోకాళ్లు ముడుచుకొని పెద్దవాళ్ల గొంగళ్లలో దూరి వినేవాళ్లం.

ఏం వినేవాళ్లం? కోతలు. చేన్లో కోసిన కోత చాలదన్నట్టు మంట చుట్టూ ఇంకో కోత.

ఒకడు అనేవాడు: "మా చెరుకు ఎంత పొడుగంటె, గడ కొనకు కూసున్న కాకికి చార్మినార్ గడియారంల టైం కనవడ్తది."

"గదెంత! మా చేను ఒడ్డున పండుకున్న కుక్కకు షుగర్ వచ్చింది. దినాం పొద్దుగాల మా వోడు దాన్ని వాకింగ్ తీస్కపోతుండు."

"మీ చేన్లు నయమే. మా గడ నమిలిన మా అత్త నెల దినాలు తియ్యగ మాట్లాడింది. భయపడి దవాఖానకు తీస్కపోయినం."

అత్త మాట రాగానే అందరూ గొల్లున నవ్వారు. అందరికీ అత్తలున్నారు మరి. ఒక ముసలాయన మాత్రం మాట్లాడకుండా చుట్ట తాగుతున్నాడు. నవ్వులు సద్దుమణిగాక నెమ్మదిగా అన్నాడు: "పటేల్లారా, మీ చెరుకు సంగతి ఎట్లనన్న ఉండనీయుండ్రి గని, ముంగటి బండ్లు కాంట కాడికి వొయ్యి చానా సేపైంది. ఎనుకటోళ్లు మనల దాటేసిండ్రు."

లేచి చూస్తే నిజమే. తిట్టుకున్నారు, ఎడ్లను పూన్చారు, పూన్చుతూ ఇంకా నవ్వారు. రాత్రంతా చలిలో కూర్చున్న వాళ్లు, బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని వాళ్లు, తెల్లారి చూస్తే బాగా నిద్రపోయి లేచిన వాళ్లలా ఉండేవాళ్లు. అప్పుడు అది నాకు వింతగా తోచలేదు.

జోకు కాదు మనిషే ముఖ్యమని పుస్తకాలు రాసిన ఒక శాస్త్రవేత్త అమెరికాలో ఉండేవాడు, రాబర్ట్ ప్రొవైన్ అని. ఆయన విద్యార్థులతో కలిసి బజార్లలో, కాలేజీ వసారాల్లో చెవులు రిక్కించి జనం నవ్వులన్నీ రాసుకున్నాడు, 1200 నవ్వులు. వాటిలో జోకు అనదగ్గ మాట తర్వాత వచ్చినవి 20 శాతం కూడా లేవు. మిగతావన్నీ "సరే మరి, పోయొస్తా", "ఇగో, వచ్చిండు" లాంటి ఉత్త మాటల వెనక పుట్టినవే. వినేవాళ్లకంటే మాట్లాడేవాళ్లే ఎక్కువ నవ్వుతారట. మా కాక లాగా. ఒంటరిగా ఉన్నప్పటికంటే పదిమందిలో 30 రెట్లు ఎక్కువ నవ్వుతామని కూడా ఆయన తేల్చాడు. ఆయన బోధన్ వచ్చి లైన్లో ఒక రాత్రి కూర్చుంటే ఈ పని తొందరగా తెమిలేది.

ముంబైలో మదన్ కటారియా అనే డాక్టరుకు కూడా ఇదే ఎదురైంది. 1995 మార్చి 13న ఆయన ఒక పార్కులో మరో నలుగురితో నవ్వుల క్లబ్బు పెట్టాడు. రోజుకొకరు జోకు చెప్పాలె, మిగతావాళ్లు నవ్వాలె. జనం పెరిగారు. రెండు వారాలు గడిచేసరికి జోకుల సంచి ఖాళీ. మిగిలినవన్నీ బూతులు, లేకుంటే ఎవరినో ఒకరిని నొప్పించేవి. ఆడవాళ్లు మొహం ముడుచుకున్నారు. అప్పుడాయన జోకులే తీసిపారేశాడు. ఉత్తగా నిలబడి, ఒకరి కండ్లల్లోకి ఒకరు చూసుకుంటూ హా హా అనండి చాలన్నాడు. దొంగ నవ్వు కొంచెం సేపటికి నిజం నవ్వు అవుతుందని కనిపెట్టాడు. ఇప్పుడు దేశదేశాల్లో ఆ క్లబ్బులు ఉన్నాయి, మే నెల మొదటి ఆదివారం ప్రపంచ నవ్వుల దినం చేస్తున్నారు. మన నిజామాబాద్‌లో కూడా పొద్దున నడకకు పోయేవాళ్లకు ఇవి కొత్త కాదు. చేతులు పైకెత్తి ఆకాశం దిక్కు నవ్వే పెద్దమనుషులను చూసి పాలవాళ్లు సైకిళ్లు ఆపుతారు. నాకు మాత్రం ఆ వరసల నవ్వు కంటే, దాన్ని చూసి పక్కకు తిరిగి నవ్వే పాలబ్బాయి నవ్వే ఇష్టం. చేసేవాళ్లను తప్పు పట్టడం లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేని రిటైర్డు సార్లకు పొద్దున్నే పదిమంది మొహాలు కనపడటమే సగం మందు.

మన ఊళ్లకు ఆ మందు ఒకప్పుడు ఇంటి గడపకే వచ్చేది. ఖాకీ కోటు, నెత్తిన దొర టోపీ, భుజాన కట్టె తుపాకి, మెడలో ఈల. పిట్టలదొర. తుపాకి రాముడన్నా ఆయనే, లత్కోర్ సాబన్నా ఆయనే. వాకిట్లో నిలబడి సెల్యూట్ కొట్టి మొదలుపెడితే ఆగడు. తన ఇంట్లో రెండు వందల బర్రెలున్నాయంటాడు, చాయ్ పాలకు మాత్రం హోటలుకు పోవాల్సి వస్తున్నదంటాడు. కలెక్టరు తనకు బామ్మర్ది, కాకపోతే ఆ సంగతి కలెక్టరుకు ఇంకా తెల్వదు. కడుపు నిండని మనిషి, దొరల వేషం కట్టి, తనమీద తానే అబద్ధాలాడి, ఆ దొరల వాకిట్లోనే జొన్నలు సంపాదించుకునేవాడు. ఎవరి మొహానికి అద్దం పడుతున్నాడో దొరకు కూడా తెలుసు, అయినా నవ్వక తప్పేది కాదు. తెలంగాణలో పుట్టిన హాస్యాల్లో దీనికంటే పదునైనది నాకు కనపడలేదు.

బోధన్ పక్కనే అమ్దాపూర్ ఉంది. చిందుల ఎల్లమ్మ ఊరు. చిందు యక్షగానానికి పేరు తెచ్చిన మనిషి, 2005లో కన్నుమూసింది. ఆడవాళ్లు మొహానికి అర్దలం పూసుకొని రంగం మీదికి రావడమే వింతైన రోజుల్లో, ఆమె ఆడ వేషాలతో పాటు మగ వేషాలూ కట్టింది. రాజు గద్దిస్తాడు, రాణి ఏడుస్తుంది, జనం కండ్లు తుడుచుకుంటారు. సరిగ్గా అప్పుడే బుడ్డర్‌ఖాన్ దూకుతాడు. వంకర నడక, వంకర మాట, సగం ఉర్దూ సగం తెలుగు. ఏడ్చిన కండ్లతోనే జనం పొట్ట పట్టుకుంటారు. రాజు కథ తెల్లారేసరికి మరిచిపోయేవాళ్లున్నారు గానీ, బుడ్డర్‌ఖాన్ అన్న మాటలు మాత్రం వారం దినాలు చేన్లలో తిరిగేవి.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేశాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనపడకుండా నవ్వేవాడు ఉత్తముడట. కండ్లల్ల నీళ్లొచ్చి, భుజాలు అదిరి, పక్కలు పట్టుకొని నవ్వేవాడు అధముడట. ఆయన లెక్కన చూస్తే చెరుకు బండ్ల లైన్లో ఒక్క ఉత్తముడు దొరకడు. నాకు ఆయన మీద గౌరవమే గానీ, ఈ ఒక్క విషయంలో ఆయన సభలో ముందు వరుస చూసి రాశాడేమో, వెనక నేల మీద కూర్చున్న వాళ్ల దాకా రాలేదేమో అనిపిస్తుంది. అయితే హాస్యానికి ఆయన ఇచ్చిన రంగు తెలుపు. శక్కర్ రంగు. దానికి మాత్రం మా బోధన్ తరఫున దండం.

నవ్వు నాలుగు విధాల చేటని మనకొక సామెత ఉంది. దీన్ని ఎప్పుడైనా మగపిల్లాడికి చెప్పగా విన్నారా? నేను వినలేదు. ఆడపిల్ల కొంచెం గట్టిగా నవ్విందా, వంటింట్లో నుంచి సామెత వచ్చేది. ద్రౌపది నవ్వింది చూడు, ఏమైందో చూడు అనేవాళ్లు. జూదం ఆడిన వాళ్లను వదిలేసి నవ్విన మనిషి మీద పెట్టారు కురుక్షేత్రం మొత్తం.

అయినా వాళ్లు నవ్వడం ఆపలేదు. నిజామాబాద్ పల్లెల్లో ఏ అరుగు మీద చూసినా బీడీలు చుట్టే ఆడవాళ్లు కనపడతారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, జర్దా, దారం, కత్తెర. కూలి వెయ్యి బీడీల లెక్కన. నడుము పట్టేస్తుంది, పొడికి దగ్గు వస్తుంది. చేతులు మాత్రం ఆగవు, నోళ్లు అసలే ఆగవు. ఇంట్లో ఒక్కతే కూర్చొని చుట్టుకోవచ్చు కదా, ఎందుకు అందరూ ఒక్కచోట చేరతారని అడిగితే ఒక వదినె అన్నది: "ఒక్కదాన్నే కూసుంటె వెయ్యి బీడీలు వెయ్యే కనవడ్తయ్. గీడ కూసుంటె లెక్క యాదికుండది."

ఒకనాడు అక్కడే విన్న మాట. చుట్టిన బీడీలు తీసుకునే మనిషి కట్టలు విప్పి, ఇది వదులు, ఇది పొట్టి అని ఏరి పారేస్తున్నాడు. కడుపు మండే పని. పొద్దంతా వంగి చుట్టినవి కండ్ల ముందే చెత్తలో పడతాయి. అందరి మొహాలు మాడిపోయి ఉన్నాయి. అందులో ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకొని అన్నది: "మా అత్త గూడ గిట్లనే ఏరింది సారూ. ఇర్వై మంది పిల్లల జూసి, ఇది పొట్టి, ఇది లావు, ఇది నలుపని అందర్ని పారేసి, ఆఖరికి నన్ను తీస్కపోయింది. ఇప్పుడు ఏడుస్తుంది." ఏరేవాడి చెయ్యి ఆగింది. వాడూ నవ్వాడు. ఆ రోజు ఇంకొన్ని బీడీలు చెత్తబుట్ట దాకా పోలేదు. కూలి రేటు మాత్రం పెరగలేదు, అది కూడా చెప్పాలె. నవ్వుతో జీతం రాదు. ఫ్యాక్టరీ కార్మికులకు రావాల్సిన బకాయిల దగ్గర నవ్వు మంచి మందని ఎవరన్నా అంటే, ఆ మందు ముందు వాళ్లనే మింగమంటాను.

నిజాంసాగర్ కాలువలు వచ్చాక కోస్తా నుంచి రైతులు వచ్చి వర్ని, రుద్రూరు, కోటగిరి పక్కన భూములు చేసుకున్నారు. ఇప్పటికీ ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అని ఉంటుంది. రెండు యాసలు, రెండు వంటలు. మా చిన్నమ్మకు క్యాంపు అత్తమ్మ ఒకామె ఆవకాయ జాడీ ఇచ్చింది. వారం తర్వాత ఎట్లా ఉందని అడిగితే చిన్నమ్మ అన్నది: "ఏం జెప్పాలె వదినా, నీ పచ్చడి తిన్న కాన్నుంచి మా ఆయన మూడు దినాలు నోరు ఇప్పలే. ఇంకో జాడి ఉంటె ఇయ్యి." ఆ రెండు కొంపలకూ అప్పటి నుంచి వియ్యం తప్ప అన్నీ కుదిరాయి. ఇక ఉర్దూ వాళ్ల పరాచికాల గురించి మొదలుపెడితే ఈ రాత్రి చాలదు. హైదరాబాద్‌లో జిందా దిలాన్ అనే సంఘమే ఉంది నవ్వించడానికి. 1968 నుంచి షుగూఫా అనే ఉర్దూ హాస్యపత్రిక వచ్చింది. ఆ దక్కనీ నవ్వు నిజామాబాద్ గల్లీల్లో పత్రిక కొనకుండానే దొరుకుతుంది.

ఇప్పుడు హున్సా సంగతి. ఇది చెప్పకుండా మా వైపు నవ్వు గురించి చెప్పినట్టు కాదు.

సాలూర దగ్గర హున్సా అనే ఊరు ఉంది. హోలీ నాడు దేశమంతా రంగులు చల్లుకుంటే, అక్కడ సాయంత్రం పిడిగుద్దులు గుద్దుకుంటారు. ఊరి నడుమ అడ్డంగా మోకు కడతారు. అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు. డప్పు మోగుతుంది. మోకు పట్టుకొని ఎదుటివాణ్ని పిడికిలితో గుద్దాలె. అంతే ఆట. కొన్ని నిమిషాలే, కానీ ఆ కొన్ని నిమిషాల్లో మూతులు పగులుతాయి, ముక్కుల నుంచి రక్తం కారుతుంది. ఆపగానే కామదహనం బూడిద దెబ్బలకు పూసుకొని, ఇప్పటిదాకా గుద్దినవాణ్నే కావలించుకుంటారు. ఆడకపోతే ఊరికి కీడని వాళ్ల నమ్మకం. పోలీసులు ఒద్దంటారు, ఊరు ఆడుతుంది.

ఈ ఆట మంచిదని నేను అనను. ఎవడి కన్నో పోతే నమ్మకం ఆ కన్ను తెచ్చియ్యదు. కానీ ఆట అయిపోయాక ఆ మొహాలు చూడండి. ఉబ్బిన పెదవులతో నవ్వుతారు. అట్లా నవ్వితే ఇంకా నొప్పి పుట్టాలె కదా?

ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్బార్ అనే ఆయన ఈ నొప్పి సంగతే పరీక్ష చేశాడు, హున్సా గురించి వినకుండానే. మనుషులను కూర్చోబెట్టి, కొందరికి హాస్యం, కొందరికి మామూలు చిత్రాలు చూపించి, ముందూ వెనకా నొప్పి ఎంతదాకా ఓర్చుకుంటారో కొలిచాడు. చేతికి మంచులాంటి చల్లటి తొడుగు వేసి, బీపీ చూసే పట్టీ బిగించి, ఇక చాలు అనేదాకా. కలిసి పగలబడి నవ్విన వాళ్లు ఎక్కువ ఓర్చుకున్నారు. మామూలు చిత్రం చూసిన వాళ్లలో ఆ తేడా రాలేదు. పొట్ట కండరాలు అలిసిపోయేటట్టు, ఊపిరి అందనట్టు నవ్వితే ఒంట్లో ఎండార్ఫిన్లు ఊరతాయని, అవే నొప్పిని మొద్దుబారుస్తాయని ఆయన వాదన. 2011లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. చూశారా, పనిచేసేది భరతుడు అధముడికి ఇచ్చిన నవ్వే. పెదవి కదపని ఉత్తముడికి ఎండార్ఫిన్లు లేవు.

బోధన్‌ను పాతవాళ్లు ఏకచక్రపురం అంటారు. బకాసురుడి ఊరు. బండెడు అన్నం, దాన్ని లాగే దున్నలు, తోలుకొచ్చే మనిషి, అన్నీ వాడికే. వంతు వచ్చిన ఇంటి తరఫున భీముడు బయల్దేరాడు. బండి తీసుకుపోయినవాడు రాక్షసుణ్ని పిలిచి, వాడు వచ్చేలోపు అన్నం ముందు కూర్చొని తినడం మొదలుపెట్టాడు. బకుడు వచ్చి వీపు మీద రెండు చేతులతో గుద్దుతున్నాడు. భీముడు వెనక్కి తిరగలేదు, నవ్వుకుంటూ ముద్ద మీద ముద్ద మింగాడు. భారతంలో ఎన్నో నవ్వులు ఉన్నాయి, నాకు మాత్రం ఇదే నచ్చుతుంది. హున్సా వాళ్లను అడిగి చూశాను, మీ ఆటకు భీముడు మూలమా అని. "భీముడైతే బువ్వ తిన్నంక గుద్దిండు సారూ, మేము గుద్దుకున్నంక తింటం" అన్నారు.

నవ్వుతో ప్రతి రోగమూ పోతుందని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటికి మూలపురుషుడు నార్మన్ కజిన్స్. వెన్నెముక రోగంతో మంచం పట్టి, ఆస్పత్రి వదిలి హోటల్ గదిలో హాస్య చిత్రాలు వేయించుకున్నాడు. 10 నిమిషాలు పగలబడి నవ్వితే 2 గంటలు నొప్పి లేని నిద్ర పట్టిందని 1979లో పుస్తకం రాశాడు. ఆయన కథ నిజం, అందరికీ అట్లాగే అవుతుందని మాత్రం కాదు. కడుపు ఆపరేషన్ అయిన మనిషి దగ్గర జోకులు వేయకండి, కుట్లు మీ జోకు వినవు. కానీ ఖలీల్‌వాడి దవాఖానల ముందు బెంచీల మీద ఒకసారి కూర్చొని చూడండి. టోకెన్ చేతిలో పట్టుకొని గంటల తరబడి కూర్చున్నవాళ్లలో ఒక్కడు నోరు విప్పితే చాలు. "డాక్టర్ సాబ్ లోపల ఉన్నడా, ఆయనకు గూడ టోకెన్ ఇచ్చిండ్రా?" అంటాడు. వరస మొత్తం కదులుతుంది. రిపోర్టులు మారవు. కానీ అప్పటిదాకా ఎవరి రోగం వాళ్లు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నవాళ్లు మీది ఏ ఊరు అని అడుక్కోవడం మొదలుపెడతారు.

అన్ని నవ్వులనూ వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. నత్తి ఉన్నవాణ్ని, కాలు వంకర ఉన్నవాణ్ని, కులం పేరుతో మనిషిని పిలిచి నవ్వే నవ్వు కూడా ఇదే నేల మీద పుష్కలంగా పండింది. దానికి గుంపు కావాలె, అదీ కలిసే నవ్వుతుంది. అందుకే గుంపు నవ్వుతున్నప్పుడు మధ్యలో ఉన్నవాడు నవ్వుతున్నాడా లేదా అని చూడాలె. పిట్టలదొర తనమీద తాను నవ్వించుకున్నాడు, కాక తన షుగర్ మీద నవ్వాడు, బీడీలామె తనను తానే అత్త ఏరుకొని ఏడ్చే కోడలిని చేసుకున్నది. వాళ్లు నడిమధ్యలో కూర్చొని నవ్వినవాళ్లు.

2023లో బలగం సినిమా వచ్చింది కదా. మన నిజామాబాద్ దిల్ రాజు వాళ్ల ఇంటి నుంచే వచ్చింది, తీసింది నవ్వించే వేషాలేసిన వేణు యెల్దండి. చావు ఇంట్లో జరిగే కథ. ఊళ్లల్లో తెరలు కట్టి చూశారు. ఏడుపు గురించే అందరూ చెప్పుకున్నారు గానీ, నేను చూసిన చోట మొదటి సగం అంతా నవ్వులే. ముసలాయన ఊరంతా తిరుగుతూ ఒక్కొక్కరిని ఆట పట్టిస్తాడే, అక్కడ మా పక్కన కూర్చున్న వాళ్లందరూ తమ తమ ముసలోళ్ల పేర్లు పెట్టి పిలిచారు తెరను.

మా పెద్దబాపు అట్లాంటి మనిషే. చెరుకు రైతు. ఆయనకూ పెద్దమ్మకూ రోజూ రాత్రి ఏడున్నరకు జగడం. ఆమెకు సీరియల్, ఆయనకు వార్తలు. రిమోట్ ఆయన దిండు కింద ఉండేది. "నేను వోయినంక ఏం జేస్తవే?" అని ఆయన ఉడికించేవాడు. "ఏం జేస్త, నిమ్మలంగ సీరియల్ జూస్త" అనేది ఆమె. ఏండ్ల తరబడి ఇదే మాట, ఇదే జవాబు. ఇద్దరికీ విసుగు పుట్టలేదు.

ఆయన పోయాడు. పదకొండో దినం అయింది. చుట్టాలు చానామంది వెళ్లిపోయారు, బిడ్డలు, అల్లుళ్లు, యారాలు మిగిలారు. ఎవరూ మాట్లాడటం లేదు. పెద్దమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. చిన్న మనవరాలికి ఏం తోచిందో, దిండు కింద రిమోట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "చూడు నానమ్మా, నీ సీరియల్ టైం" అన్నది. ఎవరో పిల్లను కసిరారు. పెద్దమ్మ ఒద్దని చేత్తో సైగ చేసి, టీవీ పెట్టింది. సీరియల్ పాట ఇట్లా మొదలైందో లేదో, కరెంటు పోయింది.

చీకట్లో ఒక్క క్షణం ఎవరికీ ఊపిరి ఆడలేదు. అప్పుడు పెద్దమ్మ గొంతు వినిపించింది.

"జూసిండ్రా, వోయినంక గూడ జూడనిస్తలేడు ముసలోడు!"

మొదట నవ్వింది ఆమె. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియదు. పెద్దల్లుడు నోట్లో లడ్డూ పెట్టుకొని ఉన్నాడు, ఆయన్ను వీపు మీద చరచాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు బ్యాటరీ లైటు పట్టుకొని పరుగెత్తుకొచ్చి, ఏమైందోనని, వాకిట్లో నిలబడి అడుగుతున్నారు. ఎవరూ చెప్పలేకపోతున్నారు.